రాణిగంజ్ దుకాణం ఇచ్చిన కొలత కాగితం: గోడలకు సరిపోయింది, డాబాకు సరిపోలేదు

ఇంటికి రంగులు వేయించాలనుకున్నప్పుడు ఎన్ని లీటర్లు తేవాలన్న ప్రశ్నకు హైదరాబాదులో సాధారణంగా రంగుల మేస్త్రీ నోటిమాటే జవాబు. ఆయన గదులన్నీ ఒకసారి తిరిగి చూసి ఒక అంకె చెబుతారు, ఇంటివారు ఆ అంకె పట్టుకుని దుకాణానికి వెళతారు. ఈ పద్ధతికి బదులుగా సికింద్రాబాదు రాణిగంజ్‌లోని ఒక రంగుల దుకాణం తమ మనిషిని ఇంటికి పంపి, గోడలన్నీ కొలిపించి, ఏ రంగు ఎంత కావాలో కాగితం మీద రాసి ఇచ్చే సేవను నడుపుతోంది. ఇందుకు చిన్న రుసుము తీసుకుంటారు, సరుకు అక్కడే కొంటే దానిని బిల్లులో తగ్గిస్తారు. మల్కాజిగిరిలోని మా ఇంటికి లోపలి గోడలు, బయటి గోడలు, ఇనుప గ్రిల్స్, డాబా మీద నీరు దిగకుండా వేసే పూత, ఇవన్నీ ఒకేసారి చేయించవలసి రావడంతో ఈ సేవను వాడుకున్నాం. గోడల విషయంలో వారి లెక్క చాలా మంచిదని, డాబా విషయంలో మాత్రం లెక్క వేసిన పద్ధతే సరైనది కాదని నా అభిప్రాయం. లోపాన్ని కూడా వివరంగా చెప్పవలసి ఉన్నందువల్ల దుకాణం పేరు రాయడం లేదు.

ముందుగా ఆ కాగితం గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ సేవలో అన్నిటికన్నా విలువైనది అదే. మొత్తం ఇన్ని లీటర్లు అని ఒక్క అంకె రాసి ఊరుకోకుండా, ప్రతి గదికీ ఒక వరుస పెట్టి, అందులో విస్తీర్ణం, తగ్గింపులు, పూతల సంఖ్య, లీటరుకు ఎన్ని చదరపు అడుగులు వస్తుందని అనుకున్నారో ఆ అంకె, చివరికి లీటర్లు అని విడివిడిగా రాశారు. ఇలా విడదీసి రాసినందువల్ల లెక్కలో ఏ అంకె మీద అనుమానం ఉంటే దానిని పట్టుకుని అడగగలిగాం. లీటర్లు మాత్రమే రాసి ఉంటే నమ్మడమో నమ్మకపోవడమో తప్ప వేరే దారి ఉండేది కాదు. డాబా లెక్కలోని పొరపాటును పట్టుకోగలిగింది కూడా వారే నిజాయితీగా రాసిన ఆ గడుల వల్లనే.

కొలత విషయానికి వస్తే, నగరంలో ఎక్కువమంది వాడే అడ్డలెక్క ఒకటుంది. ఇంటి లోపలి నేల విస్తీర్ణాన్ని మూడున్నరతో గుణిస్తే, సీలింగుతో కలిపి, రంగు పడే విస్తీర్ణం వస్తుందంటారు. దుకాణం మనిషి దీనిని పక్కన పెట్టి ప్రతి గోడనూ లేజర్ మీటర్‌తో కొలిచారు. ఆ శ్రమ అవసరమా అనిపించవచ్చు గాని, అవసరమే. మా హాలు 20 అడుగులకు 15 అడుగులు, ఎత్తు 10 అడుగులు. నాలుగు గోడలు 700 చదరపు అడుగులు, సీలింగు 300, మొత్తం 1,000. ఇది నేల విస్తీర్ణానికి సుమారు 3.3 రెట్లు కాబట్టి అడ్డలెక్క ఇక్కడ బాగానే సరిపోతుంది. అదే 12 అడుగులకు 10 అడుగుల పడకగదిని తీసుకుంటే గోడలు 440, సీలింగు 120, మొత్తం 560 చదరపు అడుగులు, అంటే నేల విస్తీర్ణానికి 4.7 రెట్లకు దగ్గర. గది చిన్నదయ్యే కొద్దీ నేలతో పోలిస్తే గోడల వాటా పెరుగుతుంది. అందువల్ల చిన్న చిన్న గదులు ఎక్కువగా ఉండే ఇళ్లలో ఆ మూడున్నర రెట్ల లెక్క తప్పకుండా తక్కువ చూపిస్తుంది.

మా ఇంట్లో హాలు, 12 అడుగులకు 10 అడుగుల పడకగదులు రెండు, 14 అడుగులకు 12 అడుగుల పెద్ద పడకగది, 10 అడుగులకు 8 అడుగుల వంటగది కలిపి నేల విస్తీర్ణం 788 చదరపు అడుగులు. మూడున్నరతో గుణిస్తే 2,758 వస్తుంది. గోడలు, సీలింగులు విడిగా కొలిచి కలిపితే 3,248 వచ్చింది. తలుపులు, కిటికీలు తీసేసినా 3,047 మిగిలింది. అంటే అడ్డలెక్కను నమ్ముకుని ఉంటే దాదాపు 300 చదరపు అడుగులకు రంగు తక్కువ పడేది. చివరి గది సగంలో ఉండగా రంగు అయిపోతే, మళ్లీ కలిపించిన రంగు మొదటి దానితో అచ్చంగా కలవకపోవచ్చు. గోడ మధ్యలో ఆ తేడా కనిపిస్తే ఆ గోడ మొత్తం మళ్లీ వేయవలసిందే.

తలుపులు, కిటికీల తగ్గింపులో కూడా వారు పాటించిన పద్ధతి శాస్త్రీయమైనది. భవన నిర్మాణ పనుల కొలతలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 1200 ఈ విషయంలో స్పష్టంగా ఉంది. అర చదరపు మీటరు లోపు ఉండే రంధ్రాలకు తగ్గింపు ఉండదు. అర నుంచి మూడు చదరపు మీటర్ల వరకు ఉన్నవాటికి గోడకు ఒక ముఖం వైపు మాత్రమే తగ్గిస్తారు. మూడు చదరపు మీటర్లు దాటితే రెండు ముఖాల వైపూ తగ్గించి, గోడ మందంలో కనిపించే పక్క అంచులను విడిగా కలుపుతారు. మూడడుగులకు ఏడడుగుల తలుపు 21 చదరపు అడుగులు, అంటే రెండు చదరపు మీటర్ల లోపే, కాబట్టి దానికి ఒక్క ముఖమే తగ్గుతుంది. రెండో ముఖాన్ని తగ్గించకుండా వదిలేయడం దుకాణం లాభం కోసం కాదు, తలుపు చుట్టూ గోడ మందానికి వేసే రంగు అందులో సర్దుబాటు అవుతుంది. మేస్త్రీతో చదరపు అడుగుల లెక్కన కూలి మాట్లాడుకునేవారు ఈ నియమాన్ని ముందుగానే ఇద్దరికీ తెలిసేలా ఒప్పుకుంటే పని చివర మాటపట్టింపులు రావు.

విస్తీర్ణం తేలిన తర్వాత లీటరుకు ఎంత వస్తుందన్నది అసలు ప్రశ్న. రంగు డబ్బా మీద లీటరుకు ఇన్ని చదరపు అడుగులు అని రాసి ఉంటుంది గాని, అది ఒక పూతకా, రెండు పూతలకా అన్నది చాలామంది చూడరు. ఒక పూతకు రాసిన అంకెను రెండు పూతల అంకెగా తీసుకుంటే సగం సరుకే తెచ్చినట్టవుతుంది. పైగా ఆ అంకె నునుపైన గోడకు, కంపెనీ చెప్పిన పాళ్లలో నీళ్లు కలిపినప్పుడు వచ్చేది. నీళ్లు ఎక్కువ కలిపితే అదే రంగు ఎక్కువ దూరం వెళుతుంది గాని గోడ మీద మిగిలే పొర పలచబడుతుంది, పాత రంగు లోపల నుంచి కనిపిస్తుంది, తడిగుడ్డతో తుడిస్తే రంగు ఊడివస్తుంది. దుకాణం మనిషి మా గోడలను చేత్తో తడిమి చూసి, లప్పం పెట్టిన పాత గోడలే కాబట్టి లోపల నీళ్లు కలిపి వేసే ఎమల్షన్‌కు రెండు పూతలకు లీటరుకు 130 చదరపు అడుగులుగా లెక్క కట్టారు. లప్పం కొత్తగా పెట్టే అతుకులకు ముందు ప్రైమర్ (అడుగు పూత) వేయకపోతే అక్కడ రంగు పీల్చుకుపోయి ఈ అంకె నిలబడదని కూడా రాశారు. పని పూర్తయ్యాక చూస్తే ఆ అంచనా దాదాపుగా సరిపోయింది.

బయటి గోడల విషయంలో వారు చూపిన జాగ్రత్త నాకు మరింత నచ్చింది. స్పాంజితో గరుకుగా తేల్చిన ప్లాస్టరింగు మీద రంగు లోపలి గోడతో పోలిస్తే సగానికి సగం కూడా సాగదు, ఎందుకంటే గరుకు గోడకు పైకి కనిపించే కొలత కన్నా అసలు ఉపరితలం ఎక్కువ, పైగా అది నీటిని పీలుస్తుంది. డబ్బా మీది అంకెను ఇక్కడ నమ్మలేమని చెప్పి, ముందుగా ఒక మూలన పది అడుగులకు పది అడుగుల చతురస్రం గీసి, కొలిచిన రంగుతో రెండు పూతలు వేయించి, ఎంత ఖర్చయిందో చూసి చెప్పమన్నారు. నూరు చదరపు అడుగులకు రెండు లీటర్లు పడితే లీటరుకు 50 అన్నమాట, ఇక మిగిలిన గోడంతటికీ అదే అంకె వాడవచ్చు. ఖర్చు లేని ఈ పరీక్షను ఎంతో పెద్ద భవనాలకు కూడా చేయించకుండా పని మొదలుపెట్టేవారు ఉన్నారు. గోడ ఏ దిక్కున ఎండకు ఎక్కువగా కాగుతుందో ఆ దిక్కునే ఈ నమూనా వేయించడం మేలని నేను అదనంగా సూచిస్తాను, ఎందుకంటే ఎండకు ఆరిపోయిన గోడే ఎక్కువ పీలుస్తుంది.

డబ్బాల పరిమాణం దగ్గర మాత్రం వారు ఒక విషయం స్పష్టంగా రాయలేదు. తెల్ల రంగు కాకుండా యంత్రంలో కలిపించే రంగులకు వాడే బేస్ (మూల రంగు) డబ్బాలలో, కలరెంట్ (రంగునిచ్చే ద్రవం) పట్టడానికి ఖాళీ వదులుతారు కాబట్టి, వాడుకలో 20 లీటర్ల డబ్బా అనేదానిలో 18 లీటర్లు, 10 లీటర్ల దానిలో 9 లీటర్లు, 4 లీటర్ల దానిలో 3.6 లీటర్లు ఉండడం మామూలు. ఎంత ఉందో డబ్బా మీద అచ్చువేసే ఉంటుంది, ఇందులో మోసం ఏమీ లేదు. మా గోడలన్నిటికీ ఒకే లేత రంగు ఎంచుకున్నాం. సీలింగు పోను గోడల విస్తీర్ణం 2,259 చదరపు అడుగులు, దానికి 17.4 లీటర్లు, వృథా కలుపుకుంటే 18 లీటర్లు దాటుతుంది. ఒక్క పెద్ద డబ్బాతో పని అయిపోతుందని కాగితం చూసి ఎవరైనా అనుకుంటారు, కాని లీటరు డబ్బా ఒకటి అదనంగా కావాలి. దానిని ముందుగానే, అదే సమయంలో కలిపించుకుని, పెద్ద డబ్బాలోని రంగుతో బాగా కలగలిపి వాడితే రంగులో తేడా రాదు. ఈ ఒక్క వాక్యం కాగితం మీద ఉంటే బాగుండేది.

గ్రిల్స్, గేటు, షట్టర్ లెక్కలు క్లుప్తంగా, సక్రమంగా ఉన్నాయి. మడతగేటుకు పైకి కనిపించే కొలతను ఒకటిన్నరతో, షట్టర్‌కు ఒక్కో వైపు 1.1తో, చెక్క పలకల తలుపుకు ఒక్కో వైపు 1.3తో గుణించారు. ఇవి కూడా ఐఎస్ 1200లో ఉన్న గుణకాలే. తుప్పు గీకించిన చోట్ల మాత్రమే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, మిగతాదంతా ఎనామిల్ అని విడదీశారు.

ఇక డాబా. మా డాబా 40 అడుగులకు 30 అడుగులు, 1,200 చదరపు అడుగులు. నీరు దిగకుండా ఆపే, ఎండను తిప్పికొట్టే తెల్లటి సాగే పూత వేయించాలని అనుకున్నాం. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లోని నివాస భవనాలకు చల్లని పైకప్పును తప్పనిసరి చేసింది, చిన్న ఇళ్లకు ఐచ్ఛికంగా ఉంచింది. మాది చిన్న ఇల్లే అయినా ఏప్రిల్, మే నెలల్లో స్లాబు కింద పడుకోవడం ఎంత కష్టమో తెలిసినవారెవరైనా దీనిని కోరుకుంటారు. దుకాణం కాగితంలో ఈ పూతకు రెండు పూతలకు లీటరుకు 20 చదరపు అడుగులు, మొత్తం 60 లీటర్లు, అంటే 20 లీటర్ల డబ్బాలు మూడు అని ఉంది. ఎందుకు ఈ అంకె అని అడిగితే కొలిచిన అబ్బాయి, "డబ్బా మీద ఎంత ఉన్నదో అంతే రాసిన సార్" అని మర్యాదగానే చెప్పారు. ఆయన చెప్పింది నిజమే, డబ్బా మీద అలాగే ఉంది.

కాని గోడ రంగుకూ ఇలాంటి రక్షణ పూతకూ మౌలికమైన తేడా ఉంది. గోడ రంగు కనిపించడానికి వేస్తాం, గోడ నిండుగా కప్పబడితే చాలు. రక్షణ పూత పని చేసేది దాని మందంతో. స్లాబు మీది సన్నని పగుళ్లు ఎండకూ చలికీ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే, వాటి మీద తెగకుండా సాగగలిగేంత పొర ఉండాలి. అందువల్ల ఇక్కడ లీటరుకు ఎన్ని చదరపు అడుగులు అని కాకుండా, ఆరిన తర్వాత ఎన్ని మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) పొర మిగలాలి అన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి. ఆ అంకె, రంగులో ఆరిపోయాక మిగిలే ఘనపదార్థం శాతం, రెండూ కంపెనీ ఇచ్చే సాంకేతిక వివరాల కాగితమైన డేటా షీట్‌లో ఉంటాయి. మేము ఎంచుకున్న పూతకు ఆరిన పొర 500 మైక్రాన్లు ఉండాలని, ఘనపరిమాణం ప్రకారం ఘనపదార్థం 50 శాతమని అందులో ఉంది.

దీని నుంచి లెక్క చాలా తేలిక. ఒక లీటరు ద్రవాన్ని ఒక చదరపు మీటరు మీద సమంగా పరిస్తే సరిగ్గా ఒక మిల్లీమీటరు, అంటే 1,000 మైక్రాన్ల తడి పొర వస్తుంది. అందులో సగం ఆవిరైపోతే 500 మైక్రాన్లు మిగులుతుంది. కాబట్టి ఈ పూతకు చదరపు మీటరుకు ఒక లీటరు కావాలి. సూత్రంగా చెప్పాలంటే, ఘనపదార్థం శాతాన్ని పదితో గుణించి, కావలసిన ఆరిన పొర మైక్రాన్లతో భాగిస్తే, లీటరుకు ఎన్ని చదరపు మీటర్లు వస్తుందో తెలుస్తుంది. జీడిమెట్ల, బాలానగర్ షెడ్లలో నేలకు ఎపాక్సీ అనే గట్టి పూత వేసేవారికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఇప్పుడు డాబాను మళ్లీ కొలిస్తే, నేల ఒక్కటే సరిపోదు. నీరు ఎక్కువగా దిగేది డాబా నేల, పిట్టగోడ కలిసే మూలలోనే కాబట్టి పూతను పిట్టగోడ మీదికి కనీసం ఒక అడుగు ఎక్కించాలి. చుట్టుకొలత 140 అడుగులు, కాబట్టి మరో 140 చదరపు అడుగులు కలిసి మొత్తం 1,340 అవుతుంది. చదరపు మీటరుకు 10.76 చదరపు అడుగుల చొప్పున ఇది 124.5 చదరపు మీటర్లు. అంటే 124.5 లీటర్లు, పది శాతం వృథా కలిపితే 137 లీటర్లు, 20 లీటర్ల డబ్బాలు ఏడు. దుకాణం రాసిన 60 లీటర్లను ఇదే విస్తీర్ణం మీద పరిస్తే ఆరిన తర్వాత మిగిలేది 240 మైక్రాన్ల చిల్లర మాత్రమే, కావలసిన దానిలో సగం కూడా లేదు. అటువంటి పూత చూడడానికి తెల్లగా, నిండుగా ఉంటుంది, మొదటి వానాకాలంలో కురవకపోవచ్చు కూడా. అది ముందుగానే పగిలినప్పుడు మాత్రం తప్పంతా సరుకు మీదికో మేస్త్రీ మీదికో పోతుంది, అసలు కారణం కొన్న రోజే కాగితం మీద పడిందని ఎవరికీ తట్టదు.

ఈ లెక్క చూపించగానే దుకాణం వారు వాదించలేదు, ఇది వారికి మెచ్చుకోవలసిన విషయం. డేటా షీట్ తెప్పించి, మందం ప్రకారం లెక్కను సవరించి, మూడు లేదా నాలుగు పూతలుగా వేయాలని కొత్త కాగితం ఇచ్చారు. వేసేటప్పుడు మందాన్ని చూసుకోవడానికి దువ్వెన ఆకారంలో ఉండే చిన్న తడిపొర గేజు ఒకటి కూడా ఇచ్చారు. దానిని అప్పుడే వేసిన పూతలో నిలువుగా గుచ్చి తీస్తే, ఏ పన్ను దాకా రంగు అంటిందో అదే ఆ పూత తడి మందం. చాలా చవకైన ఈ పరికరాన్ని డాబా పూత కొనే ప్రతివారి చేతిలోనూ పెట్టాలని నేను వారికి చెప్పాను. సరుకు ఖర్చు రెట్టింపు దాటడం బాధాకరమే గాని, సగం మందంతో వేసి రెండేళ్లకే గీకించి మళ్లీ వేయించుకోవడం కన్నా ఇది తక్కువే.

ఇలాంటి పూతలు కొనేవారు గమనించవలసిన మరో విషయం, వీటిలో కొన్నింటిని లీటర్లలో కాకుండా కిలోల్లో అమ్ముతారు. లీటరు 1.3 కిలోలు తూగే సరుకైతే 20 కిలోల డబ్బాలో ఉండేది 15.4 లీటర్లే. కిలోలను లీటర్లుగా భావించి లెక్క వేస్తే మందంలో దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది.

వృథా కోసం వారు ప్రతిచోటా ఒకే పది శాతం కలిపారు, దీనితో నేను ఏకీభవించను. నునుపైన లోపలి గోడ మీద రోలర్‌తో వేసే ఎమల్షన్‌కు ఐదు శాతం చాలు. గేటును స్ప్రేతో కొట్టిస్తే, కమ్మీల మధ్య నుంచి గాలిలోకి పోయే రంగే ఎక్కువ, అక్కడ పది శాతం ఏ మూలకూ చాలదు, ముప్పై వరకు వేసుకోవాలి. సన్నటి కమ్మీలకు బ్రష్షు వాడితే సరుకు బాగా మిగులుతుంది, కూలి కొంత పెరుగుతుంది. ఈ ఎంపికను కాగితం మీద ఇంటివారి ముందు పెట్టడం వారి పని అని నేను భావిస్తున్నాను.

సరుకు అమ్మే దుకాణమే కొలత కూడా వేస్తే ఎక్కువ రాస్తారేమోనన్న అనుమానం సహజం. మా అనుభవంలో గోడలకు ఎక్కువ రాయలేదు, డాబాకు తక్కువే రాశారు. పైగా రంగు కలపని, మూత తీయని డబ్బాలను బిల్లుతో తెస్తే వెనక్కి తీసుకుంటారు. యంత్రంలో కలిపిన రంగును మాత్రం తీసుకోరు, అది న్యాయమే. కాబట్టి సీలింగు తెలుపు, ప్రైమర్ వంటివి కొంచెం ఎక్కువగా తెచ్చుకున్నా నష్టం లేదు, కలిపించిన రంగు దగ్గరే లెక్క ఖచ్చితంగా ఉండాలి.

ఒక్క గదికి రంగు మార్చుకునేవారికి ఈ సేవ అవసరం లేదు, టేపు పట్టుకుని ఇంట్లోవారే ఆ లెక్క వేసుకోవచ్చు. ఇల్లంతా వేయించేవారు, ముఖ్యంగా బయటి గోడలు కూడా ఉన్నవారు, రుసుము ఇచ్చి వీరిని పిలిపించుకోవడం మంచిదే. డాబా పూత గాని, ఎపాక్సీ గాని, ఇనుప కట్టడాలకు తుప్పు పట్టకుండా వేసే పూత గాని కొనేటప్పుడు డేటా షీట్ అడిగి తీసుకుని, కాగితంలో ఆరిన పొర మందం, ఘనపదార్థం శాతం అనే రెండు గడులు రాయించుకున్న తర్వాతే డబ్బాల సంఖ్య ఒప్పుకోవాలి. ఆ రెండు గడులను తమ కాగితంలో అచ్చు వేయిస్తామని దుకాణం యజమాని చెప్పారు.